వృద్ధుల నివాసాల్లో నల్లులు, బొద్దింకలు, ఎలుకల నివారణ: పొలం మందు గడప దాటకుండా సమగ్ర యాజమాన్యం

సారాంశం

పేద వృద్ధులు నివసించే ఆశ్రమాల్లోను, బలహీన వర్గాల కాలనీల ఒంటి గది ఇళ్లలోను నల్లులు, బొద్దింకలు, ఎలుకలు, నిలువ బియ్యపు పురుగులు తరచుగా ఎదురయ్యే సమస్య. వీటి నివారణకు పంటల కోసం తయారైన పురుగు మందులను వాడే అలవాటు మన గ్రామాల్లో ఉంది. ఈ అలవాటు వల్ల పురుగులు చెదిరి పక్క గదులకు వ్యాపిస్తాయి; వృద్ధుల ఆరోగ్యానికి హాని కలుగుతుంది. సమగ్ర సస్యరక్షణలోని గుర్తింపు, లెక్కింపు, అడ్డగింత, చివరి మెట్టుగా మితమైన మందు అనే నాలుగు సూత్రాలను వృద్ధుల నివాసాలకు అన్వయించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆశ్రమ నిర్వాహకులు, గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పాల్గొనే విద్యార్థులు, విస్తరణ సిబ్బంది దీనిని ఉపయోగించుకోగలరు.

ముఖ్య పదాలు: వృద్ధాశ్రమాలు, నల్లులు, బొద్దింకలు, సమగ్ర యాజమాన్యం, పురుగు మందుల భద్రత

1. ఉపోద్ఘాతం

వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన పత్రికలో వృద్ధాశ్రమాల నల్లుల ప్రస్తావన ఎందుకని పాఠకులకు సందేహం కలగవచ్చు. పైగా ఈ రచయిత కీటక శాస్త్రజ్ఞుడు కాదు, శస్యశాస్త్ర ఆచార్యుడు. అయినా ఈ వ్యాసం రాయవలసిన బాధ్యత నాకు ఉన్నదని భావించడానికి కారణం ఉంది.

సుమారు ఇరవై ఏళ్ల క్రితం గ్రామీణ అనుభవ కార్యక్రమం కోసం విద్యార్థులతో ఒక గ్రామంలో ఉన్నప్పుడు, సమీపంలోని వృద్ధాశ్రమం నిర్వాహకుడు వచ్చి, ‘సార్, ఒక గదిలో నల్లులు పడ్డాయి, ఏ మందు కొట్టమంటారు?’ అని అడిగాడు. నేను ఆ గదిని చూడలేదు. మంచాలెన్ని, అక్కడ పడుకునేవారెవరు, వారికి ఏ జబ్బులున్నాయి అని కూడా అడగలేదు. ఆ ఏడాది పత్తికి సిఫారసు చేస్తున్న మందు ఒకటి నోటికి వచ్చింది, అదే చెప్పాను. ఆయన ఎరువుల దుకాణంలో కొని, చేతి పంపుతో మంచాలకు, పరుపులకు, గోడలకు చల్లించాడు. ఆ రాత్రి గదిలోని వారంతా కళ్ల మంటతో, దగ్గుతో వరండాలో కూర్చుని తెల్లవార్చారు. ఉబ్బసం ఉన్న ఒక పెద్దాయనను ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది. ఆయన కోలుకున్నాడు. నెల తిరిగేసరికి నల్లులు ఆ ఒక్క గదిలోనే కాక, దాని పక్కనున్న మరో రెండు గదుల్లో కూడా కనిపించాయి.

అప్పుడు వెళ్లి గది గదీ చూశాను. ఒక అవ్వ తన రేకు పెట్టెను మాకు చూపించడానికి ఇష్టపడలేదు. చాలాసేపు నచ్చజెప్పిన తరువాత, ‘చెబితే నన్ను వెళ్లిపొమ్మంటారేమోనని ఊరుకున్నాను బాబూ’ అంది. పెట్టె మూత సందులో నల్లులు గుంపులుగా ఉన్నాయి. మేము మందు చల్లిన గదిలో వాటి స్థావరం ఎక్కడుందో ఆమెకు ముందునుంచీ తెలుసు. ఆమెను అడిగినవారు లేరు.

పొలంలోకి దిగకుండా, ఆకు తిప్పి చూడకుండా మందు చెప్పకూడదని విద్యార్థులకు ఏటా పాఠం చెప్పే నేను, గడప లోపలికి వచ్చేసరికి ఆ పాఠాన్ని మరచిపోయాను. ఆ తప్పును దిద్దుకునే క్రమంలో నేర్చుకున్న విషయాలే ఈ వ్యాసానికి ఆధారం.

2. వృద్ధుల నివాసం ఎందుకు ప్రత్యేకం

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమాన్ని, తొలుత కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు వసతి ఉండేలా, దశలవారీగా నెలకొల్పే విషయం అందులో ఉంది. ఇవి కాక దాతలు నడిపే ఆశ్రమాలు, పింఛను మీద ఆధారపడి ఒంటరిగా బతికే వృద్ధుల ఇళ్లు అనేకం. ఈ నివాసాలన్నింటికీ కొన్ని సమాన లక్షణాలున్నాయి.

మొదటిది, సామాను. వదిలి వచ్చిన ఇంటి గుర్తుగా వృద్ధులు తెచ్చుకున్న పెట్టెలు, బొంతలు, పాత చీరల మూటలు మంచం కిందే ఉంటాయి. దాతలు ఇచ్చిన పాత మంచాలు, పరుపులు తనిఖీ లేకుండా లోపలికి వస్తాయి. పురుగుకు ఇంతకన్నా అనువైన చోటు లేదు.

రెండవది, కాటు తెలియకపోవడం. నల్లి కాటుకు దద్దురు రావడం శరీర ప్రతిస్పందన మీద ఆధారపడి ఉంటుంది. వయసు మళ్లినవారిలో దద్దురు రానివారి నిష్పత్తి ఎక్కువగా ఉంటుంది. చూపు మందగించినవారికి దుప్పటి మీది నల్లని మచ్చలు కనబడవు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన చాంగ్లూ వాంగ్ బృందం పేదల నివాస సముదాయాల్లో జరిపి 2016లో ప్రచురించిన సర్వేలో, 43 భవనాల్లోని 2,372 ఇళ్లను పరిశీలించగా 12.3 శాతం ఇళ్లలో నల్లులు కనిపించాయి. నల్లులున్న ఇళ్లలో మాట్లాడించినవారిలో దాదాపు సగం మందికి అవి ఉన్న సంగతే తెలియదు. కాబట్టి ఫిర్యాదు వచ్చిన గదికే చికిత్స చేసి ఊరుకుంటే, తెలియని సగం మిగిలిపోతుంది.

మూడవది, భయం. ఉన్న ఒక్క నీడను పోగొట్టుకుంటామన్న భయంతో, శుభ్రత లేనివారని అనిపించుకుంటామన్న సిగ్గుతో వృద్ధులు ఈ సమస్యను దాచిపెడతారు. నల్లి శుభ్రతను చూసి రాదు. రక్తాన్ని, దాక్కునే సందును చూసి వస్తుంది. ఈ మాటను నిర్వాహకులు మొదటి రోజే అందరి ముందు చెప్పాలి. నల్లులున్నాయని చెప్పిన వారిని మందలించినా, విడిగా కూర్చోబెట్టినా, ఆ తరువాత ఆ ఆశ్రమంలో మరెవరూ నోరు విప్పరు.

నాలుగవది, శరీరం. ఉబ్బసం, గుండె జబ్బు, మూత్రపిండాల బలహీనత ఉన్నవారికి మందుల ఆవిరిని తట్టుకునే శక్తి తక్కువ. మంచాన పడినవారు రోజులో ఎక్కువ గంటలు ఆ పరుపు మీదే గడుపుతారు.

3. పొలం మందు ఇంట్లో ఎందుకు పనికిరాదు

పంటల మందు డబ్బా మీద ఉండే సిఫారసు పంటకు, పురుగుకు, ఎకరానికి సంబంధించినది. మంచానికి, పరుపుకు, మనిషికి సంబంధించినది కాదు. పొలంలో చల్లిన మందును ఎండ, వాన, గాలి క్రమంగా విచ్ఛిన్నం చేస్తాయి. గదిలో, బొంతల మడతల్లో ఆ శక్తులేవీ పనిచేయవు కాబట్టి అదే మందు చాలాకాలం నిలిచి ఉంటుంది. పొలంలో మందు కొట్టిన రైతు స్నానం చేసి ఇంటికి వస్తాడు. మంచానికి మందు కొడితే ఆ వృద్ధుడు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడు?

గ్రామాల్లో నల్లులకు, బొద్దింకలకు విరివిగా వాడిన డైక్లోర్వాస్‌ను కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో జారీ చేసిన ఉత్తర్వు ద్వారా 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. పాత నిల్వలు ఎక్కడైనా ఉంటే వాడరాదు. మోనోక్రోటోఫాస్ కూరగాయల పంటలపై కూడా అనుమతి లేని మందు. అలాంటిది ఇంట్లోకి రావడం ఎంతటి ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. క్లోర్‌పైరిఫాస్‌ను ఇళ్ల లోపలి వాడకం నుంచి తొలగించాలని అమెరికా 2000లోనే నిర్ణయించింది. ఖాళీ డబ్బాలు కూడా ప్రమాదకరమే. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో మోనోక్రోటోఫాస్ కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయిన సంఘటన మనకు తెలిసినదే. వంటశాల ఉన్న ఏ నివాసంలోనూ పంట మందు డబ్బా, నిండుదైనా ఖాళీదైనా, ఉండరాదు.

పురుగుల వైపు నుంచి చూసినా ఈ పద్ధతి విఫలమవుతుంది. వరిలో సుడిదోమపై సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు చల్లితే దోమ తగ్గకపోగా తిరిగి విజృంభిస్తుందని మన రైతులకు చెబుతూనే ఉన్నాము. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు మందులకు లొంగక రైతులను ముంచిన చరిత్ర మన శాఖకు బాగా తెలుసు. నల్లుల కథ అంతకన్నా పాతది. డి.డి.టి.కి నల్లులు తట్టుకోవడాన్ని 1940 దశకం చివరినాటికే గుర్తించారు. నేడు పైరిత్రాయిడ్లకు తట్టుకునే నల్లులు ప్రపంచమంతటా ఉన్నాయి. చావని నల్లి ఊరుకోదు. మందు ఘాటుకు సందు వదిలి గోడ పగుళ్ల వెంట పక్క గదికి చేరుతుంది. ఇరవై ఏళ్ల క్రితం నా సిఫారసుతో జరిగింది అదే.

4. నల్లులు

4.1 జీవిత చరిత్ర

మన ప్రాంతంలో సాధారణంగా కనిపించేది ఉష్ణమండలపు నల్లి, సైమెక్స్ హెమిప్టెరస్. ఇది రెక్కలు లేని పురుగు, ఎగరలేదు, దూకలేదు. పగలు మంచం కీళ్లలో, నులక ముళ్లలో, పరుపు అంచు కుట్లలో, పెట్టె మూతల్లో, క్యాలెండరు వెనుక, గోడ పగుళ్లలో దాగి, రాత్రి బయటికి వస్తుంది. గుడ్డు ఒక మిల్లీమీటరు పొడవుండి, తెల్లగా సందులకు అంటుకొని ఉంటుంది. వేడి వాతావరణంలో వారం, పది రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది. ఐదు పిల్ల దశలు దాటాలి. ప్రతి దశకూ కనీసం ఒకసారి రక్తం కావాలి. ఆహారం లేకపోయినా వారాల తరబడి, చల్లని చోట్ల నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి గదిని ఒక వారం ఖాళీగా ఉంచితే నల్లులు పోతాయన్నది అపోహ. నల్లి వల్ల మనుషులకు అంటువ్యాధులు సంక్రమిస్తాయనడానికి ఆధారాలు లేవు. నిద్రలేమి, దురద, గోకుడు పుండ్లు, మనోవేదన మాత్రం నిజమైన బాధలు.

4.2 గుర్తింపు, లెక్కింపు

పగటిపూట టార్చిలైటు, పాత ఏ.టి.ఎం. కార్డు వంటి పలుచని అట్ట తీసుకొని మంచం కీళ్లను, పరుపు నాలుగు అంచులను, పెట్టె మూతలను పరిశీలించాలి. నల్లని చుక్కల వంటి విసర్జన, విడిచిన పొరలు, తెల్లని గుడ్లు నల్లుల ఆనవాళ్లు. వృద్ధుల అనుమతి తీసుకొని, వారి ఎదుటే, వారి వస్తువులను మళ్లీ ఉన్నచోటే సర్దాలి.

రెండవ మార్గం మంచం కోళ్ల కింద గిన్నెలు పెట్టడం. చీమలు ఎక్కకుండా పాల గిన్నెను నీటి పళ్లెంలో పెట్టే మన ఇళ్ల అలవాటే ఇక్కడ పనికివస్తుంది. పాశ్చాత్య దేశాల్లో నునుపైన పొడి గిన్నెలు వాడతారు. అక్కడి నల్లి నునుపు గోడ ఎక్కలేదు. మన ఉష్ణమండలపు నల్లికి ఆ పట్టు ఎక్కువ. పొడి గిన్నె నుంచి తప్పించుకోగలదు. అందువల్ల గిన్నెలో ఒక అంగుళం నీరు పోసి, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలపాలి. నీటిని వారానికి ఒకసారి తప్పనిసరిగా మార్చాలి. లేనిచో డెంగీ దోమకు మనమే నీడ ఇచ్చినట్లవుతుంది. గిన్నె కాలికి తగిలి వృద్ధులు తూలిపడకుండా, అది కోడు చుట్టూ ఇమిడిపోయేంత చిన్నదిగా ఉండాలి. ఈ గిన్నెలను ఆ వరుసలోని ప్రతి మంచానికీ పెట్టి 14 రోజుల పాటు ప్రతి ఉదయం పడిన నల్లులను లెక్కించి నోటు పుస్తకంలో రాయాలి. ఏ మంచం దగ్గర ఎక్కువ పడుతున్నాయో అక్కడే స్థావరం ఉంటుంది. పొలంలో దీపపు ఎర లెక్క ఎంత ముఖ్యమో, ఇక్కడ ఈ గిన్నె లెక్క అంత ముఖ్యం.

4.3 నివారణ

వేడి అన్నిటికన్నా నమ్మకమైన ఆయుధం. ముదురు నల్లులు 48 డిగ్రీల సెల్సియస్ దాటితే బతకలేవు; గుడ్లు చావడానికి సుమారు 55 డిగ్రీలు కావాలి. దుప్పట్లు, చీరలు, దిండు గలీబులను బాగా మరిగిన నీటిలో అరగంట నానబెట్టి ఉతికి ఎండలో ఆరవేయాలి. ఇనుప మంచాన్ని, నులక మంచాన్ని ఆరుబయట ఉంచి కీళ్లలోకి, ముళ్లలోకి మరిగే నీరు పోయాలి. ఈ పనిని వృద్ధుల చేత చేయించరాదు. కాలిన గాయం నల్లి కాటుకన్నా వేయి రెట్లు హానికరం.

ఎండను తెలివిగా వాడుకోవాలి. నారుమడిపై పాలిథీన్ షీటు కప్పి నేలను వేడెక్కించే పద్ధతి మనకు తెలుసు. అదే విధంగా వేసవిలో బొంతలు, పుస్తకాలు, చెప్పులు, పెట్టె సామాను నల్లని పాలిథీన్ సంచుల్లో పలుచగా సర్ది, మూతి బిగించి, డాబా మీద మధ్యాహ్నపు ఎండలో ఉంచాలి. మందపాటి పరుపు మధ్య భాగం చాలినంత వేడెక్కదు. ఎండబెట్టిన పరుపును నల్లి లేనిదని భావించరాదు. అలాంటి పరుపుకు మొత్తం మూసే జిప్పు గలీబు తొడిగి కనీసం ఏడాది విప్పకుండా ఉంచడం మేలు. పరుపు పూర్తిగా పాడైతే, చీల్చి, సంచిలో మూసి పారవేయాలి. వీధి పక్కన అలాగే వదిలేస్తే మరో పేద ఇంటికి నల్లులను పంపినట్లే.

మంచాన్ని గోడకు జానెడు దూరం జరపాలి. దుప్పటి నేలను తాకకూడదు. గోడ పగుళ్లను సిమెంటుతో, తలుపు చట్రం సందులను లప్పంతో పూడ్చాలి. ఈ మూడు పనులకూ అయ్యే ఖర్చు స్వల్పం, ఫలితం శాశ్వతం.

కిరోసిన్ పూయడం అగ్ని ప్రమాదానికి ఆహ్వానం. పొగ వదిలే మందు డబ్బాలు సందుల్లోని నల్లులను చేరవు, వాటిని చెదరగొడతాయి. ఈ రెండింటినీ పూర్తిగా మానాలి.

5. బొద్దింకలు

వంటశాలల్లో, మందుల పెట్టెల్లో తిరిగే చిన్న గోధుమరంగు జర్మన్ బొద్దింక ఎక్కువ సమస్యాత్మకం. దీని ఒక్కో గుడ్ల సంచిలో 30 నుంచి 40 గుడ్లు ఉంటాయి. పొదిగే సమయం వరకు ఆడ పురుగు ఆ సంచిని తనతోనే మోస్తుంది. అందువల్ల పైపైన చల్లిన మందుతో గుడ్లు నశించవు. బొద్దింకల విసర్జన, విడిచిన పొరలు ఉబ్బసాన్ని ప్రేరేపిస్తాయి. ఆహారం ద్వారా విరేచనాల క్రిములను మోసుకువస్తాయి.

నివారణలో మొదటి స్థానం నీటిది. కారే కుళాయి, తడి గుడ్డ, రాత్రంతా నిలిచిన ఎంగిలి పళ్లేలు బొద్దింకకు విందు. వృద్ధులు రాత్రి ఆకలికి దాచుకునే బిస్కెట్లను, పండ్లను లాక్కోరాదు; ఒక్కొక్కరికి బిగుతు మూత ఉన్న డబ్బా ఇవ్వాలి. తరువాత జిగురు అట్టలను గోడ మూలల్లో రాత్రి ఉంచి ఏ చోట ఎక్కువ పడ్డాయో చూడాలి. ఆ చోట్ల ఇంటి వాడకానికి అనుమతి పొందిన జెల్ ఎరను కందిగింజంత చుక్కలుగా, చేతికి అందని కీళ్లలో, అరల వెనుక పెట్టాలి. ఎర తిన్న బొద్దింక గూటికి వెళ్లి చనిపోతుంది. దాని విసర్జనను, కళేబరాన్ని తిన్న ఇతర బొద్దింకలకూ విషం చేరుతుంది. ఎర పెట్టిన చోట స్ప్రే కొట్టరాదు. ఘాటుకు బొద్దింకలు ఎర ముట్టవు. కొట్టేది, పెట్టేది రెండూ ఒకేసారి చేయడమే చాలాచోట్ల వైఫల్యానికి కారణం.

6. ఎలుకలు

చిట్టెలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు, పెద్ద ఎలుకకు 12 మిల్లీమీటర్ల సందు చాలు. చిటికెన వేలు దూరే ప్రతి రంధ్రాన్ని ఇనుప వల, సిమెంటు కలిపి మూయాలి. తలుపు అడుగు సందుకు రేకు పట్టీ కొట్టించాలి. మురుగు గొట్టాల మూతికి జల్లెడ అమర్చాలి. లోపలి ఎలుకలకు బోనులు చాలు. గోడ వెంట, మూతి గోడ వైపు ఉండేలా పెట్టాలి.

పొలం గట్ల మీద మనం సిఫారసు చేసే 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల జింక్ ఫాస్ఫైడ్ మిశ్రమాన్ని ఇళ్లలో వాడరాదు. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. మతిమరుపు ఉన్నవారు ఆ ఉండను ఆహారమనుకొనే ప్రమాదం ఉంది. పసుపు భాస్వరం కలిసిన ఎలుకల పేస్టుకూ విరుగుడు లేదు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నిరాశలో ఉన్న వృద్ధుల చేతికి అలాంటివి అందుబాటులో ఉండడమే ప్రమాదం. విషపు ఎర తప్పనిసరైతే ఆరుబయట, తాళం వేసిన ఎర పెట్టెలో, విటమిన్ కె విరుగుడుగా ఉన్న బ్రోమాడియోలోన్ వంటిదాన్ని, శిక్షణ ఉన్నవారి చేతనే పెట్టించాలి.

7. నిలువ బియ్యం, గోళీల ప్రమాదం

ఒంటరి వృద్ధుల ఇళ్లలో రేషను బియ్యం, పడుకునే మంచం ఒకే గదిలో ఉంటాయి. ముక్కు పురుగు, ఎర్ర పిండి పురుగు పడిన బియ్యంలో అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీ వేయడం అత్యంత ప్రమాదకరం. 3 గ్రాముల గోళీ గాలిలోని తేమ తగిలి 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువును వదులుతుంది. ఇది గాలి చొరని గోదాముల కోసం, ప్రభుత్వ పర్యవేక్షణలో లేదా అనుమతి పొందిన నిపుణుల చేత వాడవలసిన మందు. మూసిన గదిలో ఆ వాయువు పీల్చి నిద్రించినవారు లేవకపోవచ్చు. దీనికీ విరుగుడు లేదు.

ఒకరికి నెలకు కావలసిన బియ్యం కొద్దిపాటిది. దాన్ని ఒక పూట నీడలో పలుచగా ఆరబోసి, జల్లెడ పట్టి, శుభ్రంగా తుడిచి ఆరిన బిగుతు మూత డబ్బాలో పోస్తే చాలు. పాత బియ్యంపై కొత్త బియ్యం పోయరాదు. ఎండు వేపాకు అడుగున వేయడం మన పెద్దలు ఎరిగినదే, హాని లేదు. పురుగు పడిన బియ్యాన్ని పారేయమంటే ఆకలి తెలిసినవారు పారేయరు. జల్లించి, కడిగి వాడుకునే మార్గాన్ని చూపి, డబ్బాను సమకూర్చడమే మన పని.

8. ఆశ్రమానికి ఎనిమిది వారాల కార్యక్రమం

మొదటి వారం: వృద్ధులందరితో సమావేశం. తప్పు ఎవరిదీ కాదని, చెప్పినవారిని పంపివేయబోమని నిర్వాహకుడు స్వయంగా హామీ ఇవ్వాలి. గదుల పటం గీసి, ప్రతి మంచానికి సంఖ్య వేయాలి. గిన్నెలు, జిగురు అట్టలు అమర్చాలి.

రెండవ వారం: ప్రతిరోజు లెక్క. వారాంతానికి ఏ గదులు ఎక్కువ, ఏవి తక్కువ, ఏవి శుభ్రం అనే మూడు వర్గాలు తేల్చాలి.

మూడవ వారం: ఎక్కువ సోకిన గది నుంచి మొదలుపెట్టి వేడి నీరు, ఎండ సంచులు, పగుళ్ల పూడిక. ఒక గది పని పూర్తిగా ముగిశాకనే రెండవ గది. సామాను గది నుంచి గదికి మార్చరాదు.

నాలుగు, ఐదు వారాలు: బొద్దింకల ఎర, ఎలుకల బోనులు, కారే కుళాయిల మరమ్మతు. మొదటి చికిత్స జరిగిన 14 రోజులకు అదే గదిలో వేడి చికిత్సను మళ్లీ చేయాలి. అప్పటికి మిగిలిన గుడ్లు పొదిగి ఉంటాయి.

ఆరు నుంచి ఎనిమిది వారాలు: వారానికి ఒకసారి లెక్క. మూడు వారాలు వరుసగా గిన్నెలు ఖాళీగా ఉంటే ఆ గది శుభ్రమైనట్లు భావించవచ్చు. అయినా గిన్నెలను తీసివేయరాదు.

ఆ తరువాత కొత్తగా చేరే ప్రతివారి సామానును మర్యాదగా, అందరికీ వర్తించే నియమంగా, వేడి నీటిలోను ఎండ సంచిలోను శుభ్రపరిచి లోపలికి తీసుకోవాలి. దానంగా వచ్చిన మంచాలకూ ఇదే నియమం.

9. మందు తప్పనిసరి అయినప్పుడు

పై చర్యల తరువాత కూడా నల్లులు తగ్గకపోతే, లైసెన్సు ఉన్న నివారణ సంస్థ ద్వారా, ఇంటి లోపలి వాడకానికి నమోదైన మందును, పగుళ్లకు, సందులకు మాత్రమే పరిమితంగా పెట్టించాలి. పరుపు మీద, దుప్పటి మీద, గది గాలిలో చల్లనివ్వరాదు. మందు పేరు, తేదీ, గది సంఖ్య రాతపూర్వకంగా తీసుకోవాలి. డబ్బాపై ఎర్ర, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రిభుజాలు విషతీవ్రతను తగ్గే క్రమంలో తెలుపుతాయి. ఎరుపు, పసుపు గుర్తులున్నవి ఆశ్రమంలోకి రానేకూడదు. గది పూర్తిగా ఆరి, గాలి ఆడిన తరువాతనే వృద్ధులను తిరిగి పంపాలి. ఉబ్బసం ఉన్నవారిని ఆ రాత్రి వేరే గదిలో ఉంచడం క్షేమం.

మందు చల్లిన తరువాత ఎవరికైనా చెమటలు, చొంగ, కళ్ల నీరు, కంటిపాప చిన్నదైపోవడం, వణుకు, ఆయాసం కనిపిస్తే వయసు వల్ల వచ్చినదని ఊరుకోరాదు. వెంటనే బయటి గాలిలోకి తీసుకువెళ్లి, దుస్తులు మార్చి, చర్మాన్ని సబ్బుతో కడిగి, 108కి ఫోను చేయాలి. వాంతి చేయించే ప్రయత్నం చేయరాదు. మందు డబ్బానో, దాని లేబులునో వైద్యునికి చూపాలి. నివాసంలో తమ సమస్యను పట్టించుకునేవారు లేరని భావించే వృద్ధులు జాతీయ సహాయ సంఖ్య 14567ను సంప్రదించవచ్చు.

10. ముగింపు

పొలానికీ, వృద్ధుల గదికీ పోలిక ఒక హద్దు వరకే. పొలంలో కొంత పురుగును సహిస్తాము. ఆర్థిక నష్ట పరిమితి దాటితేనే మందు అంటాము. మనిషి పడుకునే చోట నల్లికి అలాంటి పరిమితి లేదు, లక్ష్యం సున్నాయే. ఆ లక్ష్యాన్ని చేరే దారి మాత్రం పొలంలో మనం నేర్చుకున్నదే: చూడడం, లెక్కించడం, అడ్డగించడం, చివరన మాత్రమే మందు. మరొక తేడా కూడా ఉంది. పైరు మాట్లాడదు కాబట్టి ఆకు తిప్పి చూడాలి. ఇక్కడ అడగడానికి మనిషి ఉన్నాడు. రేకు పెట్టెలో ఏమున్నదో చెప్పగలిగిన అవ్వను ముందే అడిగి ఉంటే, మొదటి గదిలోనే సమస్య ముగిసేది.

గ్రామీణ అనుభవ కార్యక్రమంలో మన విద్యార్థులు ప్రతి ఏటా గ్రామాల్లో నెలల తరబడి ఉంటారు. వారు దత్తత తీసుకునే గ్రామ పరిధిలోని ఒక వృద్ధాశ్రమాన్ని లేదా వృద్ధులు నివసించే ఒక వీధిని కూడా కార్యక్రమంలో చేర్చి, పై ఎనిమిది వారాల విధానాన్ని అమలు చేసి, గిన్నెల లెక్కలను నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను. మన ప్రాంతపు నల్లిపై, మన ఇళ్ల పరిస్థితుల్లో ఈ లెక్కలు ఎంతో విలువైనవి. ఎరువుల దుకాణానికి నల్లుల మందు కోసం వచ్చే వ్యక్తికి పొలం మందు అమ్మవద్దని డీలర్ల శిక్షణ తరగతుల్లో చెప్పడం కూడా మన బాధ్యతే. ఆ దుకాణంలోని మందులను సిఫారసు చేసేది మనమే. అవి ఎక్కడ వాడకూడదో చెప్పవలసినదీ మనమే.